పూసల మీద వేళ్లు, మనసులో లెక్కలు



కుటుంబాలను దర్శించడానికి వెళ్లినప్పుడు తరచు ఒక ప్రశ్న మాకు ఎదురవుతుంది: “అయ్యగారూ, మా పిల్లవాణ్ణి అబాకస్ క్లాసులో చేర్పించమంటారా?” దీనికి మేము తొందరపడి జవాబు చెప్పము. ఎందుకంటే ఈ విషయంలో మా ఇంట్లోనే ఒక పాఠం నేర్చుకొన్నాము.

ముందుగా ఈ విద్య ఏమిటో చూద్దాం. క్లాసుల్లో ఎక్కువగా వాడేది జపాను వారి పూసల చట్రం. దాని పేరు సొరొబాన్. ఒక్కొక్క కడ్డీకి అడ్డుపట్టీ పైన ఒక పూస, కింద నాలుగు పూసలు ఉంటాయి. పై పూస విలువ 5, కింది పూస విలువ 1. కడ్డీలు వరుసగా ఒకట్లు, పదులు, వందలు. 8కి 7 కలపాలంటే పిల్లలు వేళ్లు లెక్కపెట్టరు. పదుల కడ్డీలో ఒక పూస పైకి జరిపి, ఒకట్ల కడ్డీలో 3 తీసేస్తారు. 15 వస్తుంది. కొన్నాళ్లకు చట్రం పక్కన పెట్టి, అదే చట్రాన్ని మనసులో ఊహించుకొని, గాలిలో వేళ్లు కదుపుతూ లెక్క చేస్తారు.

1946 నవంబరులో టోక్యోలో ఒక పోటీ జరిగింది. విద్యుత్తుతో నడిచే లెక్కల యంత్రంతో ఒక అమెరికా సైనికుడు, సొరొబాన్‌తో మత్సుజాకి అనే జపాను ఉద్యోగి తలపడ్డారు. పూసలే 4–1 తేడాతో గెలిచాయి. యంత్రం నెగ్గింది గుణకారంలో మాత్రమే.

అయితే “ఇది నేర్పితే పిల్లల తెలివి అన్నిటా పెరుగుతుంది” అనే మాట నిజమా? గుజరాత్‌లోని వడోదరలో సుమారు 200 మంది బడిపిల్లలను మూడేళ్లపాటు పరిశీలించి, ఫలితాలను 2016లో ప్రచురించారు. కొందరికి అబాకస్, మిగిలినవారికి మామూలు పద్ధతిలో అదనపు లెక్కల పాఠాలు చెప్పారు. అబాకస్ నేర్చినవారు లెక్కల్లో ముందున్నారు. జ్ఞాపకశక్తి వంటి ఇతర సామర్థ్యాలలో మాత్రం ప్రత్యేక లాభం కనబడలేదు. బొమ్మను మనసులో నిలుపుకొనే శక్తి మొదటినుండి ఎక్కువగా ఉన్న పిల్లలే ఎక్కువ ప్రయోజనం పొందారు. అంటే ఇది అందరికీ ఒకేలా పట్టుబడే విద్య కాదు.

ఈ సంగతి అప్పట్లో మాకు తెలియదు. మా పెద్దబ్బాయికి బాగా వచ్చిందని, ఎనిమిదేళ్ల అమ్మాయిని కూడా చేర్పించాము. ఆమె వెనుకబడితే “అన్నయ్యను చూసి నేర్చుకో” అని అందరి ముందు గద్దించాము. కొన్ని నెలల తరువాత పరుపు కింద దాచిన లెక్కల కాగితాలు దొరికాయి. పిల్ల కిరాణా కొట్టుకు వెళ్లడం కూడా మానేసింది. కారణం అడిగితే, “చిల్లర లెక్క తప్పితే మీరు కోప్పడతారు” అన్నది. లెక్కలు నేర్పబోయి మేము నేర్పింది భయం! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని, తప్పు మాదేనని చెప్పి, క్లాసు మాన్పించాము. ఏడాది తరువాత తన ముంతలోని చిల్లర లెక్కపెట్టడానికి తానే బీరువాలోనుండి ఆ చట్రం తీసుకొన్నది. ఈసారి మేము పక్కన నిలబడలేదు.

కాబట్టి మా సలహా ఇది. అంకెలు గుర్తించడం, స్థానవిలువ కొంచెం తెలిసిన తరువాతే మొదలుపెట్టండి. ఫీజు అంతా ఒకేసారి కట్టక, ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. అప్పు చేసి చేర్పించకండి. ఇంట్లో రోజుకు పావుగంట అభ్యాసం చేయించండి. అన్నతోగాని, పక్కింటి పిల్లవానితోగాని పోల్చకండి. బిడ్డ ఇష్టంగా పూసలు జరుపుతుంటే సంతోషించండి. కాగితాలు దాచిపెడుతుంటే, గద్దించక ముందే ఒక్కసారి ఆగి, ఎందుకని మెల్లగా అడగండి.