ఐసెట్‌లో సెక్షన్ మార్కులు తగ్గితే
ఆంధ్రప్రదేశ్‌లో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు దారి ఐసెట్. రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఏటా ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లే. ఎనలిటికల్ ఎబిలిటీలో 75, కమ్యూనికేషన్‌లో 70, మ్యాథమెటికల్‌లో 55 ప్రశ్నలుంటాయి. కాబట్టి సెక్షన్ మార్కులను నేరుగా పోల్చడం పొరపాటు. మ్యాథ్స్‌లో 35 వస్తే దాదాపు 64 శాతం; కమ్యూనికేషన్‌లో అదే 35 సరిగ్గా సగం. లెక్కలు రాలేదని కుంగిపోయే బీఏ, బీకాం విద్యార్థికి అసలు దెబ్బ ఇంగ్లిష్ పాసేజీల దగ్గర తగిలి ఉండవచ్చు. అది తేలాలంటే ప్రాథమిక కీ వచ్చినప్పుడు రెస్పాన్స్ షీట్ కూడా తెరిచి, తప్పు పెట్టినవి, వదిలేసినవి వేరుచేసుకోవాలి. తప్పులు ఎక్కువైతే పాఠం రాలేదని, ఖాళీలు ఎక్కువైతే టైం చాలలేదని అర్థం. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఖాళీ వదలడం మాత్రం చేజేతులా చేసుకునే నష్టం. మొత్తం మార్కులు సమానమైతే ర్యాంకుకు ముందుగా చూసేది ఎనలిటికల్ మార్కులే. మళ్లీ రాసేవారు సాధన అక్కడి నుంచే మొదలుపెట్టాలి.