కోర్టు మిత్రుడి మాటకు పూచీ ఉండాలి

అప్పీలు కోర్టు ఇచ్చే తీర్పు తన ముందున్న ఇద్దరు కక్షిదారుల తగవు తేల్చడంతో ఆగదు. అదే చిక్కులో రేపు పడబోయే వారందరికీ అదే చట్టమవుతుంది. ఆ వ్యాజ్యంలో వారికి చోటు ఉండదు కనుకనే, పక్షం కాని వ్యక్తి లేదా సంస్థ తనకు తెలిసిన సంగతులను లిఖితపూర్వకంగా న్యాయమూర్తుల ముందుంచే వీలును న్యాయవ్యవస్థ కల్పించింది. ఇలా ముందుకు వచ్చేవారిని అమికస్ క్యూరీ, అంటే కోర్టు మిత్రుడు అనీ, వారు దాఖలు చేసే పత్రాన్ని అమికస్ బ్రీఫ్ అనీ అంటారు. ఈ పత్రాలు విస్తారంగా దాఖలయ్యే అమెరికాలో వాటి ముసాయిదాను నిమిషాల్లో తయారుచేయగల కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ న్యాయవాదుల చేతికి వచ్చింది. దాని వాడకాన్ని బ్రీఫ్ మీదే వెల్లడించాలనీ, అందులోని ప్రతి ఆధారాన్నీ స్వయంగా సరిచూసినట్టు న్యాయవాది సంతకంతో ధ్రువీకరించాలనీ కోర్టులు కచ్చితమైన నియమం విధించాలి. అది లేకుండా ఇటువంటి బ్రీఫులను స్వీకరించకూడదు.

అమికస్ బ్రీఫ్ విలువ దాని వాక్యనిర్మాణంలో కాక, దాని వెనుక ఉన్నవారి అనుభవంలో ఉంటుంది. నల్లజాతీయులను ఓటుకు దూరం చేసిన ఓక్లహోమా నిబంధనను 1915లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసిన కేసులో, వారి హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ కోర్టు మిత్రుడిగా నిలిచింది. లాయరును పెట్టుకోలేని పేద నిందితులకు ప్రభుత్వమే న్యాయసహాయం కల్పించాలని తేల్చిన 1963 నాటి గిడియన్ కేసులో 22 రాష్ట్రాలు, ఆ భారం రేపు తమ మీదే పడుతుందని తెలిసి కూడా, నిందితుడి పక్షాన వాదించాయి. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించవచ్చా అన్న 2003 నాటి గ్రటర్ కేసులో విశ్రాంత సైనికాధికారులు సమర్పించిన బ్రీఫును జస్టిస్ శాండ్రా డే ఓకానర్ తీర్పులోనే ప్రస్తావించారు. ఈ మూడింటిలోనూ న్యాయమూర్తులను ఆలోచింపజేసినది, ఆ మాట చెబుతున్నవారు ఎవరన్నదీ, దానికి వారు ఏ మేరకు కట్టుబడి ఉన్నారన్నదీ.

సాఫ్ట్‌వేర్‌కు అటువంటి అనుభవం లేదు, కట్టుబాటు అంతకన్నా లేదు. ఇప్పటికే ఉన్న అపారమైన రాతల నుంచి ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో నేర్చుకుని వాక్యాలు పేర్చే ఈ సాధనాన్ని భాషా నమూనా అంటారు. అది నిజం తెలియని చోట కూడా నిజంలా ధ్వనించే వాక్యాన్నే అందిస్తుంది. న్యాయ పరిశోధన కోసమే ప్రత్యేకంగా రూపొందించి అమ్ముతున్న సాధనాలను స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2024లో పరీక్షించినప్పుడు, అవి కూడా 17 నుంచి 33 శాతం ప్రశ్నలకు కల్పిత సమాచారం ఇచ్చినట్టు తేలింది. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, చాట్‌జీపీటీ సృష్టించిన లేని తీర్పులను ఉదహరించిన ఇద్దరు న్యాయవాదులకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఆ కేసులో అసత్యం బయటపడటానికి ముఖ్య కారణం, ఆ తీర్పులు ఎక్కడా దొరకడం లేదని ఎదుటి పక్షమైన విమానయాన సంస్థ న్యాయవాదులు కోర్టుకు తెలపడమే.

అమికస్ బ్రీఫుకు ఆ పాటి కాపలా కూడా ఉండదు. కక్షిదారు దాఖలు చేసిన పత్రంలోని ప్రతి వాక్యాన్నీ ప్రతిపక్షం తన ప్రయోజనం కోసమే తరచి చూస్తుంది. పదుల సంఖ్యలో వచ్చే అమికస్ బ్రీఫులను అలా వరస పెట్టి పరిశీలించే బాధ్యత గానీ తీరిక గానీ ఎవరికీ ఉండవు. పైగా ఇవి విచారణ కోర్టు రికార్డులో లేని అధ్యయనాలనూ గణాంకాలనూ నేరుగా అప్పీలు కోర్టు ముందుకు తెస్తాయి కనుక, వాటిపై సాక్ష్యం ఉండదు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. ఈ మార్గంలో వచ్చిన అంశాలు సరైన పరీక్ష లేకుండానే సుప్రీంకోర్టు తీర్పుల్లోకి చేరుతున్నాయని న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఆలిసన్ ఆర్ లార్సెన్ 2014లోనే హెచ్చరించారు. మనుషులు రాసిన బ్రీఫుల గురించే ఆ హెచ్చరిక అవసరమైనప్పుడు, లేని అధ్యయనాన్ని ఉన్నట్టే చూపగల సాధనం విషయంలో ఉపేక్ష తగదు.

ఉన్న నియమాలు చాలునన్న వాదన ఒకటి బలంగా వినిపిస్తుంది. లూసియానా, మిసిసిపి, టెక్సస్ రాష్ట్రాల అప్పీళ్లను వినే అయిదో సర్క్యూట్ కోర్టు, కృత్రిమ మేధ వాడకంపై ధ్రువీకరణ కోరే నియమాన్ని 2023 నవంబరులో ప్రతిపాదించి, 2024 జూన్‌లో విరమించుకుంది; తప్పుడు పత్రం సమర్పించే న్యాయవాది ఎలాగూ బాధ్యుడేనన్నది వ్యతిరేకించినవారి తర్కం. ఆ బాధ్యత తప్పు దొరికిన తర్వాతే పనిచేస్తుందన్నది ఈ తర్కం విస్మరించిన వాస్తవం. పైగా ఫెడరల్ అప్పీలు నియమావళిలోని 29వ నియమం, కక్షిదారు న్యాయవాది ఈ బ్రీఫును పూర్తిగా గానీ కొంత గానీ రాశారా, దీనికి డబ్బు ఎవరిచ్చారు అన్న వివరాలను అమికస్ ముందే వెల్లడించాలని శాసిస్తున్నది. రాసిన చెయ్యి ఎవరిదో తెలుసుకునే హక్కు కోర్టుకు ఉందని ఒప్పుకున్న తర్వాత, ఆ చెయ్యి యంత్రానిదైతే మాత్రం చెప్పనక్కరలేదనడం నిలవదు.

చిన్న సంస్థలకు ఈ సాధనం ఖర్చు తగ్గిస్తుందన్న వాదనలో న్యాయం ఉంది. భాషను దిద్దుకోవడానికీ, పదాల పరిమితికి కుదించడానికీ దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. అయితే అమెరికా సుప్రీంకోర్టులో 2023 జనవరి నుంచి అమికస్ బ్రీఫుకు కక్షిదారుల సమ్మతి అక్కరలేకుండా పోయింది. గర్భస్రావ హక్కుపై 2022లో వెలువడిన డాబ్స్ తీర్పుకు ముందే 140కి పైగా బ్రీఫులు దాఖలైన చోట, రాత దాదాపు ఉచితమైతే రాశి పెరిగి వాసి తరుగుతుంది. చెప్పవలసిన కొత్త సంగతి నిజంగా ఉన్న చిన్న సంస్థ బ్రీఫే ఆ కుప్పలో ముందుగా మరుగున పడుతుంది.

భారతదేశంలో ఈ అంశానికి మరింత గంభీరమైన కోణం ఉంది. ఇక్కడ అమికస్ క్యూరీని సాధారణంగా కోర్టే నియమిస్తుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేని ఖైదీ అప్పీలులో అతని తరఫున మాట్లాడే గొంతు అనేకసార్లు ఆ అమికస్‌దే. అనోఖీలాల్ కేసులో 2019లో సుప్రీంకోర్టు, యావజ్జీవ లేదా మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవారినే అమికస్‌గా పరిగణించాలనీ, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలనీ నిర్దేశించింది. సాక్ష్యాల కాగితాలను చదివి, నిందితుడితో మాట్లాడి, కేసును ఆకళింపు చేసుకోవడానికి ఇచ్చిన ఆ వ్యవధిని యంత్రం అందించే సారాంశంతో నింపితే, సుప్రీంకోర్టు కల్పించిన రక్షణ కాగితానికే పరిమితమవుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు అమికస్‌ను నియమించే ఉత్తర్వులోనే, కేసు రికార్డును స్వయంగా చదివినట్టు, ఉదహరించిన ప్రతి తీర్పునూ మూలంతో సరిచూసినట్టు లిఖితపూర్వక హామీ కోరాలి.

వెల్లడి, ధ్రువీకరణ, ఉల్లంఘిస్తే బ్రీఫు తిరస్కరణ, న్యాయవాదిపై క్రమశిక్షణ చర్య: ఈ నాలుగూ కలిస్తేనే నియమానికి పదును వస్తుంది. నిజాయితీగా పనిచేసే న్యాయవాదికి వీటివల్ల కలిగే అదనపు శ్రమ కొద్ది గంటలు మాత్రమే. వీటిని విస్మరిస్తే మాత్రం కల్పిత ఆధారం మీద నిలిచిన తీర్పు, దాన్ని మరో తీర్పు సరిదిద్దేదాకా, కోర్టు గడప తొక్కని ఎందరి బతుకులనో శాసిస్తుంది.