అక్షర బదిలీ – మన బాధ్యత

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు లభిస్తూ వచ్చిన సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11ను స్వీకరించే శక్తి లేని పాత ల్యాప్‌టాప్‌లు ఇళ్ళలోను, కార్యాలయాలలోను, విద్యాసంస్థలలోను క్రమంగా మూలకు చేరుతున్నాయి. వాటి స్థానంలో కొత్తవి వస్తున్నాయి. ఈ సందర్భంలో అందరి నోటా వినిపించే ప్రశ్న ఒక్కటే: పాతదానిలోని ఫైళ్ళను కొత్తదానిలోకి చేర్చుట ఎట్లా? పెన్ డ్రైవ్ పెట్టి నకలు తీసుకుంటే సరిపోతుందన్నది సాధారణంగా లభించే సమాధానం. తెలుగు, ఉర్దూ అనే రెండు భాషలను రెండు కన్నులుగా భావించే మనవంటి కళాశాలకు ఆ సమాధానం చాలదని నా అభిప్రాయం. ఫైలు చేరినంత మాత్రాన అందులోని మాట చేరినట్లు కాదు. ఈ భేదాన్ని విద్యార్థి మిత్రుల దృష్టికి, కళాశాల కమిటీ వారి దృష్టికి తెచ్చుటే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

మొదట సులభమైన పనిని గురించి రెండు మాటలు. ఫైళ్ళను తరలించేటప్పుడు "కట్" చేయరాదు, "కాపీ" మాత్రమే చేయవలెను. మధ్యలో విద్యుత్తు పోయినా, పెన్ డ్రైవ్ ఊడినా అసలు ప్రతి చెడకుండా ఉంటుంది. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్ డ్రైవ్ 4 జీబీకి మించిన ఒక్క ఫైలును స్వీకరించదు. వార్షికోత్సవ వీడియోలు ఇక్కడనే ఆగిపోతాయి. అటువంటి వాటికి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి అనుకూలం. పని ముగిసిన పిదప రెండు వైపులా ఫైళ్ళ సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని సరిపోల్చవలెను. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

అసలు చిక్కు ఆ తరువాత ఎదురవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో పాత తెలుగు ఫైలును తెరుస్తాము. తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, డాలరు గుర్తులు, కొక్కేలు కలగాపులగంగా తెర నిండా పరచుకొని ఉంటాయి. ఫైలు చెడిపోయిందని మనం అనుకుంటాము. నిజానికి ఫైలు చెడలేదు. అది మొదటి నుండీ అట్లాగే ఉన్నది!

దీనికి కారణం తెలుసుకొనుట అవసరం. 1990వ దశకంలో మన ప్రాంతంలో డి.టి.పి. కేంద్రాలు వెలసినప్పుడు కంప్యూటరుకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు కోసం ఏర్పడిన సంకేత స్థానాలు మాత్రమే అందులో ఉండేవి. ఫాంట్లను రూపొందించిన వారు ఆ స్థానాలలోనే తెలుగు అక్షరాల ముక్కలను అమర్చినారు. తలకట్టు ఒక చోట, గుడి మరొక చోట, కొమ్ము ఇంకొక చోట. ఫాంటు ఉన్నంతవరకు ఆ ముక్కలు కలిసి తెలుగుగా కనిపిస్తాయి. ఫాంటు లేనినాడు లోపలి ఇంగ్లీషు సంకేతాలే బయటపడుతాయి. పైగా ఒక సంస్థ అమరిక మరొక సంస్థ అమరికతో కలియదు. ఈ ఫాంట్లు తమ కాలంలో తెలుగు ముద్రణకు గొప్ప సేవ చేసినవి. దినపత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెండ్లి పత్రికలు వాటితోనే వెలువడినవి. అయితే పేజీలు కూర్చుటకు విరివిగా వాడిన పేజ్‌మేకర్ యొక్క చివరి రూపం 2001లోనే వచ్చింది. ఆ తరువాత దానికి మరొక కొత్త రూపం రాలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు డాంగిల్ అనే చిన్న పరికరం తగిలిస్తేనే పనిచేసేవి. ఆనాటి డాంగిళ్ళలో కొన్నింటిని తగిలించుటకు నేటి ల్యాప్‌టాప్‌లలో తగిన రంధ్రమే లేదు.

ఉర్దూ సంగతి కూడ ఇటువంటిదే. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు పైనుండి క్రిందికి వాలుగా జారుతూ ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. అందువల్ల అచ్చు అక్షరాలకు ఆ లిపి చాలాకాలం లొంగలేదు. కాతిబులు చేతితో వ్రాయగా, ఆ వ్రాత నుండి పత్రికలు అచ్చయ్యేవి. 1927లో మద్రాసులో ప్రారంభమైన "ముసల్మాన్" దినపత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడ చిరకాలం కాతిబుల వ్రాతతోనే వెలువడింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపకల్పనతో నూరీ నస్తాలీఖ్ వచ్చి వేలాది అక్షర సంయోగాలను యంత్రానికి నేర్పింది. 1990వ దశకంలో వచ్చిన ఇన్‌పేజ్ ఆ సౌకర్యాన్ని సామాన్యమైన డి.టి.పి. బల్ల మీదికి తెచ్చింది. కాని ఆనాటి ఇన్‌పేజ్ ఫైలు తనదైన పద్ధతిలో భద్రమై ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ లేని యంత్రంలో అది తెరచుకోదు.

మన వార్షిక సంచికనే ఉదాహరణగా తీసుకొందాము. ఎడమవైపు నుండి తెలుగు, కుడివైపు నుండి ఉర్దూ ప్రారంభమై రెండూ నడుమ కలుసుకుంటాయి. పాత సంచికల ఫైళ్ళను కొత్త ల్యాప్‌టాప్‌లోకి కేవలం నకలు చేసితిమేని రెండు సగాలూ మూగవోతాయి. ఆనాటి విద్యార్థి వ్రాసిన తొలి కవిత, అధ్యాపకులు వ్రాసిన వ్యాసం, పదవీ విరమణ చేసిన వారికి సమర్పించిన సన్మాన పత్రం – అన్నీ డిస్క్‌లో ఉంటాయి, ఎవరికీ అందవు.

ఈ చిక్కుకు పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసినది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రతి లిపికీ దానిదైన స్థానాలను కేటాయించింది. తెలుగుకు 128 స్థానాలు గల ప్రత్యేక విభాగం ఉన్నది. ఉర్దూకు అవసరమైన టే, డాల్ మొదలైన అక్షరాలు అరబీ విభాగంలో చేరి ఉన్నాయి. యూనికోడ్‌లో ఉన్న రచన ఏ సంస్థ ఫాంటుకూ బందీ కాదు. ల్యాప్‌టాప్‌లోనైనా, చేతి ఫోనులోనైనా చదువవచ్చును, వెదకవచ్చును. కావున మన బదిలీలో రెండు మెట్లు ఉండవలెను: యంత్రం నుండి యంత్రానికి, పాత సంకేతం నుండి యూనికోడ్‌కు.

మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నవి గదా అని కొందరు అనవచ్చును. ఉన్నవి, వాటిని వాడవలెను. కాని వాటి మీదనే భారం వేయుట తగదు. మార్పిడిలో ఒక్క వత్తు జారిపోతే "గుడ్డి" అన్నది "గుడి" అవుతుంది. రెండూ తెలుగు మాటలే గనుక యంత్రం దానిని తప్పుగా గుర్తించదు. ఉర్దూలో అరబీ "కాఫ్", "యే"లకు, ఉర్దూ "కాఫ్", "యే"లకు యూనికోడ్‌లో వేరువేరు స్థానాలు ఉన్నాయి. కంటికి ఒకే విధంగా కనిపించే సందర్భాలలో కూడ, ఒకదాని బదులు మరొకటి పడితే వెదికినప్పుడు మాట దొరకదు. వత్తు జారుట వంటి తప్పును పట్టుకొనుటకు భాష తెలిసిన మనిషి కన్ను కావలెను.

మన పూర్వులు ఈ సత్యాన్ని ఎరుగుదురు. తాటాకు శిథిలమయ్యే లోపున కొత్త ఆకు మీదికి గ్రంథాన్ని ఎత్తి వ్రాయుట వారికి అలవాటు. సి.పి. బ్రౌను (1798–1884) పండితులను, లేఖకులను నియమించి తెలుగు గ్రంథాలకు నకళ్ళు వ్రాయించినాడు. అంతటితో ఆగక ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి, పాఠాలను సరిచూపించి, పరిష్కరింపజేసినాడు. నకలు వ్రాసేవాడు ఒకడు, సరిచూసేవాడు మరొకడు. ఆ రెండవవాని శ్రమ లేకుంటే మొదటివాని శ్రమకు విలువ తగ్గేది.

మరొక ఆక్షేపణ కూడ కలదు. పి.డి.ఎఫ్. ప్రతి ఉంటే చాలదా అని. పి.డి.ఎఫ్.లో పుట రూపం నిలుస్తుంది, అది ముఖ్యమే. కాని పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్. నుండి ఒక వాక్యాన్ని ఎత్తి మరొక చోట పెడితే మళ్ళీ అదే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. అందులో ఏ పేరునూ వెదకలేము. అంతకంటె ముఖ్యమైన మాట: చూపులేని విద్యార్థి కొరకు పాఠాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్ దానిని చదువలేదు. కన్నులున్న వారికి బొమ్మగా మిగిలి, చూపులేని వారికి ఏమీ మిగలని ప్రతిని సంపూర్ణమైన ప్రతి అని ఎట్లు అనగలము?

కావున కమిటీ వారికి నా మనవి ఇది. పాత ల్యాప్‌టాప్ పనిచేస్తుండగానే, ఫాంట్లు అందులో సజీవంగా ఉండగానే, ప్రతి పాత సంచికకు పి.డి.ఎఫ్. తీయించవలెను. అది సరిచూచుటకు ప్రమాణంగా ఉంటుంది. ఫాంట్ల ఫైళ్ళను కూడ వెంట తీసుకొనవలెను. తరువాత మార్పిడి చేయించి, తెలుగు విద్యార్థులకు తెలుగు పుటలను, ఉర్దూ విద్యార్థులకు ఉర్దూ పుటలను పంచి, అధ్యాపకుల పర్యవేక్షణలో దిద్దించవలెను. ఒక్కొక్కరికి పది పుటలు వచ్చినా సెలవులలో తీరిపోయే పని. భాషా శాఖలకు ఇంతకంటె తగిన అభ్యాసం ఉండదు. దిద్దిన ప్రతులను ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడిగా హార్డ్ డిస్క్‌లో ఒకటి, కళాశాల ఆవరణకు వెలుపల ఒకటి – మూడు చోట్ల ఉంచవలెను. గ్రంథాలయంలో ఒక అచ్చు ప్రతి ఉండనే ఉండవలెను.

ఈ పని ముగియనంతవరకు పాత ల్యాప్‌టాప్‌ను అమ్మరాదు, తుడిపివేయరాదు. ముగిసిన తరువాత మాత్రం తుడిపివేయకుండా బయటికి పంపరాదు. అందులో విద్యార్థుల ఆధార్ నకళ్ళు, ఉపకార వేతన పత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు ఉండవచ్చును. "డిలీట్" నొక్కినంతనే అవి పోవు. తెలిసినవాడు మరల తీయగలడు. డిస్క్‌ను పూర్తిగా చెరిపించి, పిదప దానిని అధికృత ఈ-వ్యర్థాల సేకరణదారులకే అప్పగించవలెను. పౌరుల వ్యక్తిగత వివరాల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం లేకున్నా, మనలను నమ్మి కాగితాలు ఇచ్చిన పేద తల్లిదండ్రుల పట్ల ఆ జాగ్రత్త మన ధర్మం.

మిత్రులారా, మీ సొంత ల్యాప్‌టాప్‌ల విషయంలో కూడ ఇదే మాట. ఇంట్లో పెద్దలు టైపు చేయించుకున్న ఉత్తరాలో, వంశ చరిత్రలో, పాటలో పాత ఫాంట్లలో ఉన్నవేమో ఒకసారి తెరిచి చూడండి. ఏ మాట ఏమిటో చెప్పగల పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే ఆ పని సులభం. కమిటీ వారు కొత్త యంత్రానికి ధనం సమకూర్చినారు; అందుకు కృతజ్ఞులము. అందులో అక్షరాలను నింపే శ్రమకు విద్యార్థులము సిద్ధంగా ఉన్నాము. అనుమతి, ఒక గది, ఈ వేసవి సెలవులు – మేము కోరేది ఇంతే.