కర్మసాక్షి యెదుట మన సంకల్పము

ఏటేట ధనుర్మాసము ముగియు వేళకు మన యిండ్లలో నొక సంవాదము పుట్టుచుండును. సంక్రాంతి జనవరి 14వ తేదీననా, 15వ తేదీననా? ఒక పంచాంగ మొక మాట చెప్పును. పొరుగింటి పంచాంగము వేఱొకటి చెప్పును. 2023లో సూర్యుడు మకరరాశిని ప్రవేశించుట 14వ తేదీ రాత్రి సంభవించెను. 2024లో 15వ తేదీ తెల్లవాఱకమునుపే సంభవించెను. 2025లో 14వ తేదీ ఉదయముననే యయ్యెను. కారణము కష్టమైనది కాదు. నక్షత్రముల ననుసరించి లెక్కించు సౌర సంవత్సరము 365 దినములమీద సుమారు 6 గంటల 9 నిమిషములు. కావున సంక్రమణము ఏటేట నంత యాలస్యమగుచు, నాలుగేండ్ల కొకమాఱు ఫిబ్రవరికి 29వ దినము చేరుటచే నొక దినము వెనుకకు వచ్చుచుండును. ఈ చిన్న తేడాకై మనము తగవులాడుచున్నాము. దీనికంటె నిరువది రెట్లు పెద్దదగు తేడా మన కన్నులయెదుట నుండగా దానిని గూర్చి యొక్కరును నోరు మెదపరు. దానినే నేడు పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

ఉత్తరాయణమనగా నేమి? సూర్యుడు దక్షిణమున తన కడపటి యెల్లను చేరి, యుత్తరమునకు మరలుటయే. ఆ మరలుట జనవరిలో జరుగుట లేదు. డిశంబరు 21, 22 తేదీలలోనే జరుగుచున్నది. దీనిని నమ్ముటకు దూరదర్శినులతో పనిలేదు. మన పూర్వుల శంకుయంత్రము చాలును. విజయవాడ ప్రాంతమున సమమగు నేలపై 12 అంగుళముల పుల్లను నిటారుగా నిలిపి, మధ్యాహ్నమున నీడ మిక్కిలి పొట్టియగు క్షణమున దానిని కొలువుడు. డిశంబరు 22న నా నీడ దాదాపు 10 అంగుళము లుండును. ఏడాది పొడవునను అంతకు మించిన మధ్యాహ్నపు నీడ లేదు. సంక్రాంతినాటి కది 9 అంగుళములమీద మూడవవంతునకు తగ్గియుండును. అనగా మనము ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానమాచరించు వేళకు సూర్యభగవానుడు మూడు వారములకు పైగా ఉత్తరదిశకు ప్రయాణము చేసియే యున్నాడు.

ఇట్లేల జరిగినది? భూమి తన యిరుసుపై తిరుగుచు బొంగరమువలె మెల్లగా తల త్రిప్పుచున్నది. అందుచే విషువ బిందువులును, అయన బిందువులును నక్షత్రములనడుమ వెనుకకు జరుగుచున్నవి. ఈ చలనము ఏడాదికి సుమారు 50 వికలలు. దాదాపు 72 ఏండ్ల కొక డిగ్రీ. నేడు మన జ్యోతిష్కులు అయనాంశమని లెక్కలో తీసివేయుచున్న సుమారు 24 డిగ్రీలు ఈ చలనఫలమే. మన పంచాంగములలో నధికముగా వ్యవహరింపబడు చిత్రాపక్షము ననుసరించి, క్రీ.శ. 285 ప్రాంతమున మకర సంక్రమణమును, ఉత్తరాయణారంభమును ఒక్క దినముననే కలసియుండెను. నాటినుండి యవి యెడబాయుచునే యున్నవి. స్వామి వివేకానందుడు 1863 జనవరి 12న మకర సంక్రాంతినాడు జన్మించెనని యెల్లరు నెఱుగుదురు. ఆనాడు 12, నేడు 14 లేక 15. ఇట్లే సాగిన మఱి 4600 ఏండ్లకు సంక్రాంతి వసంత విషువము దరికి చేరును. 11000 ఏండ్లు గడచినచో, మకర సంక్రాంతినాడు సూర్యుడు దక్షిణమునకు మరలుచుండును! అప్పటి మన వంశజులు మండువేసవిలో గంగాస్నానముచేసి, “ఉత్తరాయణము వచ్చినది” అని చెప్పుకొందురా?

ఇది పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన సందేహమని యెవరైన ననవచ్చును. వారు వరాహమిహిరుని వాఙ్మూలము వినవలయును. ఆఱవ శతాబ్దమున నాతడు బృహత్సంహితయందు, ఆదిత్యచారమును చెప్పుచు, పూర్వశాస్త్రములలో ఉత్తరాయణము ధనిష్ఠాదియందు చెప్పబడెననియు, తనకాలమున నది మకరాదియందు కలుగుచున్నదనియు స్పష్టముగా వ్రాసెను. అంతటితో నాగక, తేడా కనబడినచో ప్రత్యక్ష పరీక్షచే నిర్ణయించుకొమ్మనెను. వేదాంగ జ్యోతిషము ఉత్తరాయణమును మాఘ శుక్ల పాడ్యమియందు నిలిపినది. అంపశయ్యపై భీష్ముడు వేచినదియు మాఘమాసమునకే. నేటి మకర సంక్రమణము పుష్యమాసమున వచ్చుచున్నది. అయనము మాసములను దాటి జరుగునని మన వాఙ్మయమే చాటుచున్నది. ఋషులు చూచి వ్రాసిరి. వరాహమిహిరుడు చూచి సవరించెను. మనము చూచుట మాని, వల్లించుట నేర్చితిమి.

న్యాయస్థానములలో సరిహద్దు వ్యాజ్యము వచ్చినపుడు, పటములోని గీత యొకటియు, పొలములోని గట్టు మఱియొకటియు నగుటచే తగవు తెగకున్నచో, కమీషనరును స్థలమునకు పంపుదురు. ఆతడు గొలుసుపట్టి కొలిచి నివేదిక యిచ్చును. ఆకాశమను స్థలమునకు మనము కమీషనరును పంపక, పాత పటమునే పట్టుకొని వాదించుట యెంత విపరీతము!

ఇందు నష్టమేమని కొందఱడుగుదురు. నష్టము కలదు. ప్రతి శుభకర్మకు ముందును మనము సంకల్పము చెప్పుకొందుము. సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి – ఇన్నిటిని పేరుపేరున నుచ్చరించి, ఫలానా వాడనగు నేను ఈ కర్మ చేయుచున్నానని దేవతల యెదుట చెప్పుదుము. ఇది ప్రమాణపత్రము వంటిది. దీనికి సాక్షి యెవడు? కర్మసాక్షియని మనము పిలుచుకొను సూర్యుడే. డిశంబరు 22 మొదలు సంక్రాంతి దాక, ఉత్తరమునకు నడచుచున్న యా సూర్యుని యెదుటనే నిలువబడి, “దక్షిణాయనే” యని పలుకుచున్నాము. నడచువాని మొగముమీదనే, నీవు నడచుట లేదనుచున్నాము. సాక్షి యెదుటనే యసత్యమాడి ఫలము కోరువారిని ధర్మపీఠము ఎట్లు మన్నించును? సత్యమును వ్రతముగా గైకొని స్వాతంత్ర్యమును సాధించిన జాతికి ఇది చిన్న విషయము కాజాలదు.

పెద్దలు చెప్పు ఆక్షేపణ మొకటి కలదు. ఉత్తరాయణమున దేహము విడిచినవారికి సద్గతియని గీతయందు చెప్పబడియున్నది. భీష్ముడు దానికై వేచియుండెను. ఇట్టి పుణ్యకాలమును తారుమారు చేయరాదందురు. అయ్యా, భీష్ముడు వేచినది నిజమైన సూర్యుని మరలుటకే గాని, యెవరో వ్రాసిన కాగితమునకు కాదు. ఇంతకును, జ్ఞానికి దక్షిణాయనమున మరణించినను ఫలహాని లేదని బ్రహ్మసూత్రముల నాలుగవ యధ్యాయము తేల్చినది. భీష్ముడు వేచియుండుట ఆచారపరిపాలనమునకును, తండ్రి యిచ్చిన స్వచ్ఛంద మరణ వరమును చూపుటకును అని శంకర భగవత్పాదులు భాష్యమున వివరించిరి. మోక్షమే తేదీకి కట్టుబడనపుడు, తేదీని సరిచూచుకొనుటకు మనము భయపడ నేల?

ఇక రెండవ యాక్షేపణము. “అట్లయిన సంక్రాంతిని డిశంబరునకు జరుపవలెనా? పంట యింటికి రాకమునుపే పండుగా?” యని యడుగుదురు. అక్కఱలేదని మా యభిప్రాయము. ఏలయన మకర సంక్రమణమునకు అయనముతో పనిలేని స్వతంత్రార్థ మొకటి కలదు. దానిని మనము మఱచుచున్నాము.

జ్యోతిశ్శాస్త్రమున రవి గ్రహములలో రాజు, శని భృత్యుడు. ఇదియు వరాహమిహిరుడు బృహజ్జాతకమున చెప్పిన మాటయే. మకరము శనికి స్వగృహము. పురాణమున శని సూర్యుని కుమారుడు. తండ్రికొడుకులకు పొత్తు లేదు. అట్టి రవి తులయందలి నీచస్థితిని దాటి, మేషమునందలి ఉచ్చస్థితికి ఎక్కిపోవుచు, నడుదారిలో ఈ భృత్యుని గుమ్మము త్రొక్కును. రాజు తాను సేవకుని యింటికి పోవుట, తండ్రి తగవు మఱచి కొడుకు వాకిట నిలుచుట – ఇదియే మకర సంక్రమణము. శనికి ప్రియమగు నువ్వులను, తీపియగు బెల్లముతో కలిపి పంచిపెట్టు నాచారమున కింతకంటె తగిన వ్యాఖ్యానము మాకు తోచుట లేదు. ఫలజ్యోతిషమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. ఈ సంకేతములోని ధర్మమును మాత్ర మెవరును కాదనజాలరు.

మన పల్లెల సంక్రాంతి ఈ ధర్మము మీదనే నిలిచినది. కళ్లమున ధాన్యము కొలుచునపుడు చాకలికి, మంగలికి, కుమ్మరికి, కమ్మరికి మేర కొలిచిన పిదపనే గాదె నిండెడిది. హరిదాసు అక్షయపాత్ర వట్టిదిగా మరలెడిది కాదు. గంగిరెద్దునకు పాతబట్ట కప్పబడెడిది. మఱునాడు కనుమ, నోరులేని పశువునకు పసుపు కుంకుమలు, మెడలో గంటలు. కష్టించినవానికి, పశువునకు, పితరులకు ఋణము తీర్చిన పిదపనే గృహస్థు పండుగ భోజనమునకు కూర్చుండెడివాడు. నేడు చూచుచున్న దేమి? పందెపు బరులలో ఒక్క పూటలో ద్రవ్యము నీళ్లవలె పారుచున్నది. ఆ బరులకు ప్రక్కపొలములోనే కౌలు చెల్లింపలేక దిగులుపడు రైతును, మిగిలిన కూలి యడుగుటకు జంకు కూలివానిని పలుకరించువారు లేరు. సూర్యుడు శని యింటికి పోవుచున్నాడు. మనము మాత్రము శనిని మన గుమ్మమునకు దూరముగా నుంచుచున్నాము.

కాబట్టి పండుగయందు రెండర్థములు కలవని తెలియవలయును. ఒకటి వెలుగు మరలుట. అది డిశంబరు 22 నాటిది. రెండవది వెలుగు శ్రామికుని గృహము ప్రవేశించుట. అది జనవరి 14 నాటిది. ఒకప్పు డీ రెండును ఒక్కనాడే పడెను; నేడు విడిపోయినవి. రెండవదానిని దాని దినముననే నిలుపుకొనుటకు బాధకము లేదు. అస్సామున మాఘబిహు, తమిళనాట పొంగలి, పంజాబున లోహ్రి, మాఘి, వంగదేశమున గంగాసాగర స్నానము, శబరిమలపై మకరజ్యోతి – చాంద్రమానులు, సౌరమానులు ననక భారతజాతి యంతయు నించుమించుగా నొక్కమాఱు తలయెత్తి సూర్యుని చూచు దినమిది. దీనిని చీల్చుట మా యుద్దేశము కాదు. మొదటిదానికి దాని నిజమైన దినమును తిరిగి యిచ్చుటయే మా కోరిక.

ఇది కొత్త విప్లవమును కాదు. లోకమాన్య తిలకు 1893లో ప్రకటించిన “ఓరాయన్” అను గ్రంథమున ఈ విషువచలనమునే ఆధారముగా గొని వేదకాలమును నిర్ణయింప యత్నించెను. పంచాంగ సంస్కరణమునకును పాటుపడెను. స్వాతంత్ర్యానంతరము, 1952లో, మేఘనాథ సాహా యధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘ మేర్పడెను. దాని ఫలముగా 1957 మార్చి 22 మొదలు రాష్ట్రీయ పంచాంగ మమలులోనికి వచ్చినది. అందు పుష్యమాసము డిశంబరు 22న, అనగా నిజమైన ఉత్తరాయణముతోనే మొదలగును. మన ప్రభుత్వ పత్రముపై ఉత్తరాయణము సత్యము. మన పూజాగృహములోనే యసత్యము. మన శిల్పులు సైత మీ సత్యము నెఱిగినవారే. శ్రీకాకుళము చెంత అరసవిల్లిలో ఏటికి రెండుమాఱులు, మార్చిలోను, అక్టోబరు మొదటను, ఉదయకిరణములు సూర్యనారాయణస్వామి పాదములను సోకును. ఆ కిరణములు తిథివార నక్షత్రములకు కట్టుబడక, సూర్యుని నిజమైన యుత్తర దక్షిణ గమనమునే యనుసరించి ప్రవేశించును. గుడి కట్టినవాడు ఆకాశమును చూచి కట్టెను.

మేము కోరునది స్వల్పము. పంచాంగకర్తలు డిశంబరు 22 ప్రక్కన “ఉత్తరాయణారంభము” అనియు, జనవరి 14 లేక 15 ప్రక్కన “మకర రాశి ప్రవేశము” అనియు, రెండును వేఱువేఱుగా పెద్దయక్షరములతో నచ్చువేయుదురు గాక. పురోహితులు డిశంబరు 22 తరువాత సంకల్పమున “ఉత్తరాయణే” యని చెప్పుదురు గాక. ఉపాధ్యాయులు బడిపిల్లలచేత శంకువు పాతించి, నీడ కొలిపించి, పిల్లలనే సాక్షులుగా చేయుదురు గాక. గృహస్థులు సంక్రాంతినాడు తమ యింట పనిచేయువారి బాకీ తీర్చి, తమ చేతులతో వారికి వడ్డించి, పిమ్మట పులగము తినుదురు గాక.

సత్యము పలుకుట, ఋణము తీర్చుట: సూర్యోపాసన యీ రెంటిలో ఇమిడియున్నది. ఇవి రెండును లేని నాడు, మనము నదిలో నెన్ని మునుకలు వేసినను, ఒడ్డునుండి చూచుచున్న యా కర్మసాక్షి మన లెక్కలో నొక్కటియు జమకట్టడు.