శాలువా కింద దాగిన వినతిపత్రం

మన పట్టణాలలో వినతిపత్రం సమర్పించడం ఒక వేడుకగా మారిపోయింది. జమాత్ పెద్దలు పది మంది ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు ధరించి, ఒక శాలువా, ఒక పూలగుచ్ఛం కొనుక్కుని శాసనసభ్యుని కార్యాలయానికి బయలుదేరుతారు. రెండు గంటలు బెంచీల మీద నిరీక్షిస్తారు. ఆయన రాగానే శాలువా కప్పి, కాగితానికి ఒక కొస ఆయన చేతిలో, మరో కొస తమ చేతిలో ఉండేలా పట్టుకుని ఫోటో దిగుతారు. కాగితం మరుక్షణమే సహాయకుని చేతిలోకి, అక్కడి నుంచి బల్ల మీది దొంతరలోకి వెళ్లిపోతుంది. మరునాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. సమస్య ఉన్నచోటనే ఉంటుంది.

ఇంతకూ ఆ కాగితంలో ఏముంటుంది? నాలుగు శాతం రిజర్వేషన్ల పరిరక్షణతో మొదలై, వక్ఫ్ భూముల స్వాధీనం, ఉర్దూ టీచర్ల నియామకం, షాదీఖానా మరమ్మతులు దాటి, ఈద్గా వీధిలో దీపం వరకూ పదిహేడు కోరికలు. అన్నీ న్యాయమైనవే. కానీ వాటిలో దేనికి ఎవరు, ఎప్పటిలోగా జవాబు చెప్పాలో ఒక్క వాక్యం ఉండదు.

ఈ మాట ఎందుకంటున్నామంటే, మూడు దశాబ్దాలకు పైగా బల్లకు అవతలి వైపు గుమాస్తాలుగా కూర్చున్నవాళ్లము మేము. ప్రజాప్రతినిధి కార్యాలయం నుంచి అటువంటి కాగితం 'తగు చర్య నిమిత్తం' అన్న రెండు ముక్కల రాతతో మా సెక్షనుకు వచ్చేది. తపాలు రిజిస్టరులో ఎక్కించేవాళ్లము. పదిహేడు అంశాలు ఆరేడు శాఖలవి. పూర్తిగా ఏ ఒక్కరి దస్త్రమూ కాదు. తేదీ ఉండదు, సర్వే నంబరు ఉండదు. జవాబు పంపడానికి చిరునామా అయినా ఉండదు, 'ముస్లిం మైనారిటీ పెద్దలు' అని మాత్రం ఉంటుంది. సంబంధిత శాఖలకు నకళ్లు పంపి, 'ఎల్. డిస్.' అని రాసి మూసేవాళ్లము. ఏడాది నిలవ ఉంచి నాశనం చేయవలసిన కాగితానికి కార్యాలయంలో వేసే గుర్తు అది. మన సముదాయపు గోడును మా చేతులతోనే అలా మూశాము. ఆ పాపంలో మా వాటా మాకుంది.

ప్రజాప్రతినిధులు నిర్దోషులని మేము చెప్పడం లేదు. రంజాన్ మాసంలో టోపీ ధరించి ఇఫ్తార్ విందులో ఖర్జూరం నోట పెట్టుకునే తీరిక ఉన్నవారికి మన కాగితం చదివే తీరిక ఉండదు. పదిహేడు కోరికల వినతిపత్రమే వారికి ఇష్టం. దానికి 'చూద్దాం, చేద్దాం' అంటే సరిపోతుంది. అటువంటి కాగితాన్ని ఏటా రాసి వారి పని సులువు చేస్తున్నది ఎవరు?

మా పట్టణంలో ఖబరస్తాన్ హద్దు తగాదా మీద పదేళ్లపాటు శాలువాలు కప్పాము. తరువాత దారి మార్చాము. మొదట సమాచార హక్కు చట్టం కింద రెవెన్యూ రికార్డు నకళ్లు అడిగాము. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజులలో జవాబు రావాలి. అది చేతికి వచ్చాక ఒకే పుట ఉత్తరం రాశాము: సర్వే నంబరు ఇది, రికార్డులో విస్తీర్ణం ఇంత, నేల మీద మిగిలింది ఇంత, సర్వే జరిపించమని తహశీల్దారుకు మీరు ఉత్తరం రాసి దాని నకలు మాకు ఇవ్వండి. అంతే. ఫోటో వద్దన్నాము. మన పెద్దలే నొచ్చుకున్నారు, 'ఫోటో లేకపోతే మనం వెళ్లినట్టు ఎవరికి తెలుస్తుంది?' అని. కార్యాలయంలో రశీదు తీసుకున్నాము. ప్రతి నెలా మొదటి సోమవారం ఆ రశీదుతో ఇద్దరం వెళ్లాము. నాలుగో నెలలో సర్వేయరు వచ్చాడు. మూడు వైపులా హద్దురాళ్లు పడ్డాయి; నాలుగో వైపు తగాదా కోర్టులో ఉంది.

ఇంగ్లీషు రాదన్న సాకు కూడా చెల్లదు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టాన్ని ప్రభుత్వాధికారికి విన్నవించుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. శాసనసభ్యుని దగ్గర ఇంతకన్నా పదునైన సాధనం మరొకటి ఉంది: సభలో ప్రశ్న. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలనూ ఎదుర్కోవాలి. సభలో మంత్రి ఇచ్చిన మాటను వెంటాడడానికి హామీల కమిటీ ఉంది. 'మన జిల్లా ఉర్దూ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న పోస్టులెన్ని, ఎప్పటి నుంచి?' అన్న ప్రశ్నను రాసి ఇచ్చి, అడగమని మనలో ఎందరు కోరారు?

'ఉత్తరాలు రాస్తే ఏమొచ్చింది? వక్ఫ్ బిల్లు ఆగిందా?' అని యువకులు నిలదీస్తున్నారు. వారి కోపం న్యాయమైనది. సంయుక్త పార్లమెంటరీ సంఘానికి దాదాపు 97 లక్షల విజ్ఞాపనలు అందాయి. అయినా 2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున లోక్‌సభలో 288 మంది అనుకూలంగా, 232 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా బిల్లు నెగ్గింది. ఆ లక్షలలో మనం పంపినవి చాలా వరకు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ నొక్కగానే వెళ్లిన ఒకే మూస మాటలు. అవతలి పక్షమూ అదే పని చేసింది. పైగా మనవన్నీ ఢిల్లీకి వెళ్లాయి. అప్పుడు కేంద్రంలో పాలక పక్షానికి సొంతంగా ఉన్నవి 240 స్థానాలే. మెజారిటీకి 272 కావాలి. ఆ లోటు పూడ్చినవారిలో ఆంధ్రప్రదేశ్ నుంచి తెలుగుదేశం సభ్యులు 16 మంది. గుంటూరులో, కర్నూలులో, నంద్యాలలో మన ఓటు అడగడానికి గడప తొక్కినవారికి, 'మా మసీదు తరతరాల వాడుక వల్ల వక్ఫ్ అయినది, దస్తావేజు లేదు, ఈ నిబంధన వల్ల దాని గతి ఏమిటి, సభలో మీ ఓటు ఎటు?' అని ముతవల్లీ పేరుతో, ఊరి పేరుతో, సంతకంతో ఎన్ని ఉత్తరాలు వెళ్లాయి? మేము వాకబు చేసిన ఏడు జమాత్‌లలో ఒక్కటీ పంపలేదు. మా జమాత్ కూడా వాటిలో ఉంది.

అలా రాసి ఉంటే బిల్లు ఓడిపోయేదని మేము అనము. ఓటు వేసిన సభ్యుని బల్ల మీద అతని సొంత ఓటర్ల ప్రశ్న జవాబు లేకుండా ఉండేది. వచ్చే ఎన్నికలలో అతను గడప తొక్కినప్పుడు చూపడానికి దాని నకలు మన చేతిలో ఉండేది. ఇవాళ మన చేతిలో ఉన్నది శాలువా ఫోటో.

ఇప్పుడు ప్రతి శుక్రవారం జుమా నమాజు ముగిశాక మసీదు వరండాలో ఒక గంట కూర్చుంటున్నాము. ఎవరి సమస్యకైనా ఒకే పుట, ఒకే కోరిక అన్నది మా షరతు. ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఖాళీగా ఉన్న టీచరు పోస్టు గురించి రాసిన కాగితానికి ఇప్పటికి రెండు రశీదులు వచ్చాయి, జవాబు రాలేదు. వచ్చే సోమవారం మూడోసారి వెళుతున్నాము.