కన్యాశుల్కం మళ్ళీ చదివితే

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కాన్ని హాస్యనాటకమని పరిచయం చేయడం మన బడులలో ఆచారమైపోయినది. అందులో హాస్యం ఉన్నమాట నిజమే. కాని ముందుగానే ఆ ముద్ర వేసి పిల్లల చేతికి ఇవ్వడం సమంజసమా అని నా సందేహం. ఈ నాటకాన్ని విద్యార్థిగా ఒకసారి, ఉపాధ్యాయుడిగా పలుమార్లు, ఉద్యోగ విరమణ తర్వాత మళ్ళీ చదివినాను. చదివిన ప్రతిసారీ ముందుకు వచ్చి నిలబడిన మనిషి వేరు.

పదహారేళ్ళ వయస్సులో గిరీశమే సర్వస్వం. ఆ చుట్ట, ఆ ఇంగ్లీషు ముక్కలు, ఎక్కడ పడినా దులుపుకొని లేచిపోయే ఆ ధీమా! దానికి తోడు సినిమా. పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో 1955లో వచ్చిన చిత్రంలో రామారావుగారు గిరీశంగా, సావిత్రిగారు మధురవాణిగా నటించినారు. పాత చిత్రంగా అది మా ఊరి హాలుకు మళ్ళీ వచ్చినప్పుడు చూసినాను. ఆ తర్వాత ఎన్నేళ్ళో పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య రామారావుగారి ముఖమే కనబడేది. సినిమాను నేను తప్పుపట్టను. నాటకం పేరైనా వినని వారికి ఆ కథను చేర్చినది అదే. అయితే తెరమీది గిరీశం ఒక్కడే. ఎవరికి వారు ఊహించుకొనే గిరీశాలు అనేకులు. అందువల్ల విద్యార్థికి ముందు పుస్తకం, తర్వాత సినిమా. రంగస్థలంతో ఈ చిక్కు తక్కువ. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిననాటినుండి ఆ వేషాలు ఎందరో ధరించినారు. కాకపోతే 1909 నాటి విస్తృత పాఠాన్ని ఆడాలంటే కుదించక తప్పదు, కుదించేటప్పుడు మొదట పోయేవి సందడి లేని ఘట్టాలే.

బడిలో చేరిన తర్వాత గిరీశం వేరుగా కనబడినాడు. ఆయనా మా వృత్తివాడే కదా! పరీక్ష తప్పిన వెంకటేశానికి సెలవులలో చదువు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారం చేరిన ప్రైవేటు మాష్టరు. తల్లి ముచ్చటపడితే గురుశిష్యులిద్దరూ పొంతనలేని ఇంగ్లీషు ముక్కలు దొర్లిస్తారు. ఆ తల్లి అదే చదువనుకొంటుంది. విద్యార్థిదశలో కడుపుబ్బ నవ్విన ఘట్టమిది. కౌలు డబ్బు పైపంచె కొంగున ముడివేసి తెచ్చి, మావాడికి ఇంగ్లీషు వస్తుందా బాబూ అని అడిగే తండ్రులను ఏటేటా జూన్ నెలలో చూసిన తర్వాత నాకు అంత నవ్వు రాలేదు.

ఒకనాడు పదవ తరగతిలో ఈ కథ చెబుతుండగా ఒక బాలిక లేచి, "సుబ్బిని ఎవరైనా అడిగారా మాష్టారూ?" అన్నది. అగ్నిహోత్రావధాన్లు 1800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోయిన పిల్ల సుబ్బి. ఆమె కోసం తల్లి నూతిలో దూకినది, మేనమామ కరటకశాస్త్రి పన్నాగం పన్నినాడు, మధురవాణి చేయి కలిపినది. ఇంతమంది మాట్లాడుతుండగా ఆ పిల్ల ఏమనుకొన్నదో మనకు తెలియదు. గైడు పుస్తకాలలో పాత్రచిత్రణలు పేజీలకొద్దీ ఉన్నవి. ఈ ప్రశ్న మాత్రం లేదు. అడిగిన బాలిక దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. పెళ్ళి చేసేసినారని తోటివారు చెప్పినారు. శారదా చట్టం 1929లోనే వచ్చినది. 2006లో మరింత గట్టి చట్టం చేసినారు.

అప్పుడు 1897 నాటి తొలి కూర్పు పీఠికను మళ్ళీ తీసినాను. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాలను ఆనంద గజపతి మహారాజు లెక్కింపజేస్తే 1034 తేలినవట. ఆ వధువులలో అయిదేళ్ళవారే 99 మంది. ఈ లెక్క చదివిన తర్వాత కూడా దానిని వట్టి హాస్యనాటకమనగలమా?

మొన్న చదివినప్పుడు బుచ్చమ్మ దగ్గర ఆగిపోయినాను. సౌజన్యారావు పంతులు ఆమెను గిరీశానికి ఇవ్వక పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతాడు. గిరీశం భంగపాటుకు నవ్వుకొని మనం పుస్తకం మూసివేస్తాము. భాష తెలియని ఊరిలో ఆమె పలక పట్టుకొని కూర్చున్న తొలిరోజు నాటకంలో లేదు. పూనాలో కర్వేగారు 1896లో అటువంటి శరణాలయాన్ని నిజంగానే స్థాపించినారు గనుక, ఆ రోజు ఎందరు బుచ్చమ్మలకో వచ్చే ఉంటుంది. ఈసారి పాత్రచిత్రణకు బదులుగా ఆ ఒక్క రోజును ఊహించి వ్రాయమని పిల్లలకు ఇచ్చి చూడండి.