సంపద సృష్టికర్తలు ఎక్కని బస్సు

2012లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర, రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేకించిన వరుసలను మిగతా వాహనాలకూ తెరవాలన్నది పిటిషనర్ల కోరిక. వారి వాదనల్లో ఒకటి ఈ దేశ రాజకీయాలను అర్థం చేసుకోవడానికి చాలా ఉద్గ్రంథాలకన్నా ఎక్కువగా పనికివస్తుంది. సంపదను సృష్టించేవారు కార్లలో తిరుగుతారట. ట్రాఫిక్‌లో చిక్కుకుని వారి కాలం వృథా అవుతోందట. రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సులో నిలబడి ఇల్లు చేరే నర్సు, నాలుగిళ్లలో అంట్లు తోమడానికి తెల్లవారకముందే బయల్దేరే మనిషి, దుకాణం తాళం తీయవలసిన గుమాస్తా సంపద సృష్టించరన్నమాట. పక్క వరుసలో నలుగురు పట్టే కారులో ఒంటరిగా కూర్చున్నవారే దేశాన్ని మోస్తున్నారు.

న్యాయస్థానం ఆ వ్యాజ్యాన్ని అదే ఏడాది అక్టోబరులో కొట్టివేసింది. వాహనాలకు కాదు, మనుషులకు ప్రాధాన్యమివ్వాలని చెప్పే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వైపే అది నిలిచింది. అయితే కోర్టులో ఓడిన వాదం సచివాలయంలో గెలిచింది. సామాన్యుడి పేరునే తన పేరుగా పెట్టుకున్న పార్టీ ప్రభుత్వం 2015లో ఆ కారిడార్‌ను తొలగించాలని నిర్ణయించింది. 2016 జనవరిలో కూల్చివేత మొదలైంది. ఆనాడు ఢిల్లీలో కాంగ్రెస్, బీజేపీ, ఆప్ అనే మూడు పార్టీల మధ్య ఉన్న వైరం ఎంతటిదో అందరికీ తెలుసు. ఆ 5.8 కిలోమీటర్ల మరణానికి మాత్రం చెప్పుకోదగిన కన్నీరు ఏ పక్షం నుంచీ రాలేదు.

ఆ కారిడార్‌లో లోపాలు లేవని కాదు. బస్టాపులు రోడ్డు మధ్యలో ఉండటం వల్ల ఎక్కేవారూ దిగేవారూ వాహనాల ప్రవాహాన్ని దాటవలసి వచ్చేది. కూడళ్లలో సిగ్నళ్లు మారేవి కావు. కార్లూ బైకులూ బస్సు వరుసలోకి చొరబడుతుంటే ఆపే నాథుడు లేడు. కానీ ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగితే ఎవరూ ఫ్లైఓవర్‌ను కూల్చరు. దాని పక్కన మరొకటి కడతారు. తొలి ప్రయోగంలోనే సంపూర్ణత చూపాలన్న షరతు బస్సుకు మాత్రమే వర్తిస్తుంది. లాహోర్ 2013లో, పెషావర్ 2020లో బస్సులకు ప్రత్యేక మార్గాలు వేసుకున్నాయి. పొరుగుదేశంతో ప్రతి విషయంలోనూ పోల్చుకుని ఛాతీ విరుచుకునే వ్యాఖ్యాతలు ఈ పోలిక జోలికి ఎందుకు పోరో వారే చెప్పాలి.

ఢిల్లీ కథ అక్కడితో ముగియలేదు. 1998 జులైలో సుప్రీంకోర్టు కాలుష్య కేసును విచారిస్తూ, 2001 ఏప్రిల్ నాటికి రాజధానిలో బస్సుల సంఖ్యను 10,000కు పెంచాలని ఆదేశించింది. పాతికేళ్లు దాటినా నగరం ఆ అంకెను అందుకోలేదు. పైగా ఢిల్లీ రవాణా సంస్థ సొంత బస్సులు 2015–16లో 4,344 ఉండగా 2022–23 నాటికి 3,937కు తగ్గాయని కాగ్ నివేదిక లెక్కచెప్పింది. ఇదే కాలంలో, 2019 అక్టోబరులో, ప్రభుత్వం మహిళలకు ఉచిత ప్రయాణాన్ని అమల్లోకి తెచ్చింది. గులాబీ టికెట్టు చేతికి వచ్చింది, బస్సు రాలేదు.

ఉచిత ప్రయాణంపై దేశంలో సాగుతున్న వాదోపవాదాల్లో మరుగునపడుతున్నది ఇదే. తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న ఈ బాట పట్టాయి. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారం నడుమ ప్రధాని ఒక ఇంటర్వ్యూలో, మెట్రో కట్టిన నగరంలోనే ఉచిత బస్సులు ఇస్తే మెట్రో ప్రయాణికులు తరలిపోతారని ఆక్షేపించారు. హైదరాబాద్ మెట్రోను నడిపిన సంస్థ నుంచీ అలాంటి మాటే వినిపించింది. బస్సు చవకైతే మెట్రో నష్టపోతుందన్న ఈ తర్కంలో కారు ఎక్కడా కనబడదు. బస్సు ప్రయాణికురాలినీ మెట్రో ప్రయాణికురాలినీ ఎదురెదురుగా నిలబెట్టి, రోడ్డులో అధిక భాగం ఆక్రమించినవారిని మధ్యవర్తుల స్థానంలో కూర్చోబెట్టడం మాత్రం కనబడుతుంది.

పథకాన్ని సమర్థించేవారు సైతం ఒక విషయం ఒప్పుకోవాలి. మహిళా ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగకపోతే ఆ భారం పడేది మళ్లీ మహిళల మీదే. కిక్కిరిసిన మెట్ల మీద వేలాడుతూ, నిండిపోయామని స్టాపులో ఆగకుండా పోయే బస్సుల్ని చూస్తూ, టికెట్టు కొన్న మగవారి సణుగుడు వింటూ వారు జీరో టికెట్టు వెల చెల్లిస్తున్నారు. ఛార్జీ రద్దు చేయడానికి ఒక ఉత్తర్వు చాలు. బస్సు కొనడానికి, డిపోకు స్థలమివ్వడానికి, డ్రైవరును నియమించడానికి బడ్జెట్ కావాలి.

బడ్జెట్ లేదా అంటే ఉంది. 2024 జనవరిలో ప్రారంభమైన ముంబయి అటల్ సేతుకు 17,000 కోట్లకు పైగా ఖర్చయింది. దానిపై బైకులకూ ఆటోలకూ ప్రవేశం లేదు. కారుకు ఒకవైపు టోల్ 250 రూపాయలు. అదే మహానగరంలో 2025 మే నెలలో బెస్ట్ బస్సు కనీస ఛార్జీ 5 రూపాయల నుంచి 10కి రెట్టింపైంది. సబర్బన్ రైళ్ల పట్టాలపై ఏటా రెండు వేల మందికి పైగా మరణిస్తున్న నగరం అది. 2025 జూన్‌లో ముంబ్రా వద్ద కిక్కిరిసిన రైళ్ల ద్వారాల నుంచి ప్రయాణికులు జారిపడి చనిపోతే కొన్నాళ్లు ఆటోమేటిక్ తలుపుల గురించి చర్చ జరిగింది. రైలు ఎందుకు అంతగా నిండిందన్న ప్రశ్న అంత దూరం పోలేదు.

పన్నుల్లోనూ ఇదే చూపు. ఎలక్ట్రిక్ కారుకూ ఎలక్ట్రిక్ బస్సుకూ జీఎస్టీ ఒక్కటే, 5 శాతం. డీజిల్ బస్సుపై 2025 సెప్టెంబరు దాకా 28 శాతం వసూలు చేశారు. రాయితీ అన్న మాట వినగానే బస్సులో కూర్చున్న స్త్రీ గుర్తుకొస్తుంది గాని, విద్యుత్ కారు కొన్న శ్రీమంతుడు ఎవరికీ గుర్తుకురాడు. ఇంటి ముందు ప్రజల వీధిలో రాత్రంతా ఉచితంగా నిలిపిన కారును ‘ఉచితాల సంస్కృతి’ జాబితాలో చేర్చిన ఆర్థికవేత్త కోసం ఇంకా వెతకవలసే ఉంది.

2011 జనగణన ప్రకారం కారో జీపో ఉన్న కుటుంబాలు దేశంలో 4.7 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అది దాదాపు 8 శాతానికి చేరింది. కారు లేకపోవడం ఇక్కడ పర్యావరణ స్పృహతో చేసే త్యాగమూ కాదు, జీవనశైలీ కాదు. అత్యధికుల సాధారణ స్థితి. బస్సు రాదని తేలినవాడు వాయిదాల మీద బైకు కొంటాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. వారిలో ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు 74,897, పాదచారులు 32,825. నడవడానికి కాలిబాట పొందడం జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

మెట్రో వస్తే అన్నీ తీరుతాయని చెప్పేవారికి బెంగళూరు జవాబిచ్చింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది, ప్రయాణికులు తగ్గారు. బాధ్యత మీదంటే మీదని కేంద్ర, రాష్ట్ర పాలకపక్షాలు దూషించుకున్నాయి. ఛార్జీల కమిటీ సిఫారసే శిరోధార్యమని 2002 మెట్రో చట్టం చెబుతుంది గనుక, ఓటరు నిలదీయడానికి ఎదుట ఎన్నికైన మనిషే లేడు. హైదరాబాద్‌లోనూ 2025 మే నెలలో ఛార్జీలు పెరిగాయి. నాలుగు నెలలకే నిర్మాణ సంస్థ తప్పుకోవడానికీ, వేల కోట్ల అప్పును రాష్ట్రం తలకెత్తుకోవడానికీ ఒప్పందం కుదిరింది. ప్రైవేటు సామర్థ్యానికి ప్రతీకగా 2017లో ప్రారంభించిన ప్రాజెక్టు ఎనిమిదేళ్లకు ప్రజల ఖాతాలో జమయ్యింది.

ఇక బస్సుల విషయంలో కేంద్రం చూపే పెద్ద పథకం పీఎం ఈ-బస్ సేవ. 2023 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించింది. 169 నగరాలకు కలిపి 10,000 బస్సులు. పాతికేళ్ల కిందట సుప్రీంకోర్టు ఒక్క ఢిల్లీకే చెప్పిన సంఖ్య అది.